పద్నాలుగు విడుపులు

చిట్టా చదివే మనిషీ, కిందటి వారం నువ్వు ఎవరి పేరు పక్కన సంతకం పెట్టావు? ఆ మనిషి నీ ఎదురుగా నిలబడి ఒక్క ముక్క మాట్లాడకపోతే, ఎందుకు మాట్లాడటం లేదని అడిగావా? లేక దొరికిపోయాడు కాబట్టే నోరు మెదపడం లేదనుకుని కలం మూత తీశావా?

నేను అడగలేదు. నా పేరు పొట్నూరి ఆశీర్వాదం. రెండో గట్టు చిట్టా గదిలో ఆరేళ్లుగా చదువరిని. అంతకు ముందు లాకు గేట్లకు గ్రీజు పెట్టే లస్కరుని. బడికి పోలేదు. మునక నీళ్లలో కొట్టుకొచ్చిన వాక్యగ్రంథం ఒకటి చేతికి దొరికితే, తడిసిన పేజీలు ఒక్కొక్కటే ఎండబెట్టుకుంటూ అక్షరాలు నేర్చుకున్నాను. ఆదివారాలు పంపుషెడ్డులో బోధిస్తాను. నా గొంతు మూడో లాకు దాకా వినిపిస్తుందని జనం అంటారు. ఇవాళ ఆ గొంతు లేదు.

కింద ఉన్నవి ఈ వారం నేను రాసుకున్నవి. ఒక్క మాట దిద్దలేదు. మిగతా నాలుగు గట్ల చదువరులూ, చివరిదాకా చదవండి. పడవ మధ్యాహ్నం పన్నెండింటికి.

బుధవారం, ఉదయం 8 గంటలు

తెల్లారేసరికి కిటికీలన్నీ ఉప్పు పట్టి తెల్లబడ్డాయి. తడిగుడ్డతో తుడిచాను. తాగే నీళ్లు కాచాను. క్విజ్ రాద్దామని గోడ యంత్రం దగ్గరికి వెళితే అది వెలగలేదు. లోపల చెమ్మ చేరింది.

నాతోపాటు సంతకం పెట్టే రెండో చదువరి వనజాక్షి. దేవుడి గురించి ఎత్తితే ఆవలిస్తుంది గాని పనిలో పిసరంత తేడా రానివ్వదు. తన చేతిపలక, అదే చేతిలో పట్టే చిన్న తెర, తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"ఇన్నాళ్లూ గోడకి మొక్కినట్టు నిలబడి రాశారు. ఇవాళ మా మామూలు జనంలాగా కూర్చుని రాయండి ఆశీర్వాదంగారూ."

ఇరవై ప్రశ్నలు. పద్నాలుగేళ్లు దాటిన ప్రతి మనిషీ ప్రతి బుధవారం రాయాలి. మూడు పొడుగు కూతలు, ఒక పొట్టి కూత వినిపిస్తే ఎటు పరిగెత్తాలి? నీళ్లలో మందు ఎంత కలపాలి? పోటు వస్తుండగా మూడో లాకు చక్రం ఎటు తిప్పాలి? ఇవన్నీ నాకు నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అయినా తెలిసిన దాని దగ్గరే మనిషి కాలు జారుతుంది. అందుకని సంఘానికి నాలుగేళ్లుగా నేర్పుతున్నట్టే నేనూ చేశాను. ప్రాణాలతో ముడిపడ్డ ప్రశ్న వచ్చినప్పుడల్లా, అది చదివి, పలక ఒళ్లో బోర్లా పెట్టి, కళ్లు మూసుకుని దేవుడితో ఒక్క మాట చెప్పుకుని, ఆ తర్వాత జవాబు నొక్కాను. ప్రశ్న కళ్లముందు వెలుగుతూ ఉంటే అది ప్రార్థన కాదు, బేరం అని నేనే చెప్పేవాణ్ని.

ఈ క్విజ్‌ని వెక్కిరించే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పంతొమ్మిదేళ్ల కిందట మూడో లాకు లస్కర్లు ఒకరి జవాబులు ఒకరు చూసి రాసి నెగ్గారు. పోటు వచ్చిన రోజు చక్రం తప్పు వైపు తిప్పారు. పదకొండు వందల మంది పోయారు. అందులో మా అన్న ఉన్నాడు. అందుకే చిట్టా గదిలో నేను కళ్లల్లో ఒత్తులు వేసుకుని కూర్చుంటాను.

గురువారం, ఉదయం 10 గంటలు

చిట్టాలు వచ్చాయి. కొత్తగా చేరే చదువరుల కోసం రాస్తున్నాను: చిట్టాలో ఉండేవి నాలుగే మాటలు. తెరిచారు, విడిచారు, తిరిగొచ్చారు, జవాబు మార్చారు. పక్కన గంట, నిమిషం, సెకను. యంత్రం రాస్తుంది, తీర్పు చెప్పదు. తీర్పు మనిషిదే. మన చేతిపుస్తకంలో ఉన్నది ఇదీ: విడుపు అంటే పేజీ వదిలి వేరేచోట జవాబు వెతకడం, ఒక్క క్విజ్‌లో పది దాటితే ఏడాదిపాటు దిగువకు.

దిగువ అంటే ఉప్పు తెప్పలు, సముద్రం మీద ఉప్పు తీసే పని. మా గది నుంచి ఇప్పటికి ఇరవై నలుగురు వెళ్లారు. తిరిగొచ్చిన వాళ్లు నలుగురు.

ఈ వారం పది దాటిన చిట్టా ఒకటి పైనే ఉంది. బొంతా దీవెన, మూడో లాకు లస్కరు. పద్నాలుగు విడుపులు. నా గుండె మండింది. ఆమె నా సంఘంలో మొదటి వరసలో కూర్చునే మనిషి. ఆమె భర్త రూబేనుని కిందటేడు పదకొండు విడుపుల మీద పంపాం. ఇంకా రాలేదు. భర్తకి పట్టిన గతి చూసి కూడా భయం లేదే అనుకున్నాను.

పిలిపించాం. చేతులకి గ్రీజుతోనే వచ్చింది.

"పద్నాలుగమ్మా. ఏం చూసి రాశావు?" అన్నాను.

"ఏం చూళ్లేదయ్యగారూ."

"మరి పేజీ వదిలి ఎక్కడికెళ్లావు?"

తల దించుకుంది. వనజాక్షి కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఏదోటి చెప్పవే దీవెనా. పిల్ల ఏడ్చిందనో, పొయ్యి మీద గంజి పొంగిందనో. రాసుకుంటాను."

"అబద్ధం ఆడనండి."

"అయితే నిజమే చెప్పు!" అని బల్ల మీద చరిచాను.

నా మొహంలోకి చూసింది. ఎందుకో ఆ చూపు ఇంకా నన్ను వదల్లేదు. "అది చెప్పకూడదండి," అంది.

భూమి సగం మునిగినా మనిషి గర్వం మునగలేదు అని ఆమెకి వినపడేలా అన్నాను. సంతకం పెట్టాను. వనజాక్షి కాసేపు కలం నోట్లో పెట్టుకుని కూర్చుని, తనూ పెట్టింది. శనివారం పడవ. ఆరేళ్ల కూతురు పిల్లల షెడ్డుకి వెళుతుంది.

గురువారం, మధ్యాహ్నం 3 గంటలు

మిగిలిన చిట్టాలు చదువుతూ వచ్చాను. రెండు విడుపులు, సున్నా, సున్నా, నాలుగు. తర్వాతి కాగితం మీద పన్నెండు. పేరు చూడకుండానే ఎర్ర గీత గీశాను. గీశాక పేరు చూశాను.

పొట్నూరి ఆశీర్వాదం.

ఎవరో నా మీద పగబట్టి చేశారనుకున్నాను మొదట. తర్వాత యంత్రం చెడిందనుకున్నాను. అప్పుడు గంటలూ సెకన్లూ చూశాను. రెండో ప్రశ్న దగ్గర ఒక విడుపు, తొమ్మిది సెకన్లు. ఏడో ప్రశ్న దగ్గర ఇంకోటి, ఇరవై ఒక్క సెకన్లు. అది చక్రం ప్రశ్న. దాని దగ్గర అన్న గుర్తొచ్చి కొంచెం ఎక్కువసేపు కళ్లు మూసుకున్నాను. ఆ ఇరవై ఒక్క సెకన్లు నాకూ దేవుడికీ తప్ప ఎవరికీ తెలియవు. చిట్టాకి తెలుసు. చిట్టా వాటిని దొంగతనం అంటోంది.

పలక బోర్లా పెట్టిన ప్రతిసారీ ఒక విడుపు.

వనజాక్షి నా భుజం మీదుగా చూసింది. తర్వాత గొంతు తగ్గించి అంది. "మీది కదండీ. నా పలక పాడైందని రాసేద్దాం. నేనూ సంతకం పెడతాను, నాదే కదా పలక."

రాసెయ్యమ్మా అనడానికి నోరు తెరిచాను. దేవుడి ముందు ఒప్పుకుంటున్నాను, తెరిచాను. మాట బయటికి రాకముందు కళ్లముందు దీవెన కనిపించింది. ఆమె కోసం ఎవరూ పలక పాడైందని రాయలేదు.

వాక్యంలో ఒక రాజు ఉన్నాడు, ఇంకొకడి భార్యని లాక్కున్నవాడు. ఎవడో పేదవాడి గొర్రెపిల్లని లాక్కున్నాడని విని, వాడికి చావే సరి అని మండిపడ్డాడు. ఆ మనిషివి నువ్వేనని ప్రవక్త అన్నప్పుడు అతనికి ఎలా ఉందో నేను ముప్పై ఏళ్లుగా చేతులు ఊపుతూ బోధించాను. ఎలా ఉంటుందో నాకు ఏమీ తెలియదు. ఇవాళ, నేనే గీసిన ఎర్ర గీత పక్కన నా పేరు చదివాక తెలిసింది.

శుక్రవారం, ఉదయం 9 గంటలు

పరీక్ష చేశాం. వనజాక్షి పలక మీద ఉత్త క్విజ్ తెరిచింది. బోర్లా పెట్టింది. పది దాకా పైకి లెక్కపెట్టింది. తిప్పింది. చిట్టా అడిగాం.

విడిచారు. తిరిగొచ్చారు. పది సెకన్లు.

తర్వాత నిజంగానే పేజీ వదిలి జవాబుల పుస్తకం తెరిచి వెనక్కి వచ్చింది. విడిచారు. తిరిగొచ్చారు. అవే మాటలు, అవే అక్షరాలు. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే ఏది దొంగదో ఏది కాదో ఆమె చెప్పలేకపోయింది, నేనూ చెప్పలేకపోయాను.

"చేతిపుస్తకం గోడ యంత్రాల కాలంలో రాసింది కదండీ," అంది నెమ్మదిగా. "గోడని బోర్లా ఎవడు పెడతాడు?"

అప్పుడు పాత కట్టలు దించాం. అసలు భయం అక్కడ మొదలైంది. గోడ యంత్రాలు మాత్రమే ఉన్న రెండేళ్లలో మా గది నుంచి పంపినది ఒక్కణ్ని. చేతిపలకలు వచ్చిన నాలుగేళ్లలో ఇరవై ముగ్గురిని. ఆ ఇరవై ముగ్గురిలో పంతొమ్మిది మంది నా సంఘం వాళ్లు. మిగిలిన నలుగురూ గదిలో నిలబడి ఏవో సాకులు చెప్పారు, అరిచారు, ఒకడు కుర్చీ కూడా తన్నాడు. పంతొమ్మిది మంది కాగితాల మీదా 'సంజాయిషీ' అన్నచోట నా చేతిరాతే ఉంది: ఏమీ చెప్పలేదు. ఏమీ చెప్పలేదు. ఏమీ చెప్పలేదు.

ఇంకొకటుంది. నా మందలోనే ఇంత పాపమా అని కుమిలి, ఒక్కొక్కరిని పంపిన తర్వాతి ఆదివారం నేను ఇంకా గట్టిగా అరిచేవాణ్ని. జవాబుకి ముందు ప్రార్థించండి, ఒకసారి చాలకపోతే రెండుసార్లు ప్రార్థించండి అని. వనజాక్షి తేదీలు వేలితో చూపించింది. నేను అరిచిన ప్రతి ఆదివారం తర్వాతి బుధవారం విడుపులు పెరిగాయి. నేను గొంతు చించుకున్న కొద్దీ వాళ్లు ఒళ్లో పలకలు బోర్లా పెట్టారు. వాళ్లు పెట్టిన కొద్దీ నేను పడవ ఎక్కించాను.

ఆమె కాగితాలు వదిలేసి మొహం కప్పుకుంది. "అన్నిటి మీదా నా సంతకం కూడా ఉందండి. ఇళ్లకెళ్లి ఏం చెప్పను నేను?"

ఆమె వదిలేసిన కాగితాలు ఏరి మళ్లీ కట్ట కట్టాను.

శుక్రవారం, ఉదయం 11 గంటలు

మూడో లాకుకి వెళ్లాను. దీవెన పని అప్పజెబుతోంది. ఆమె చోటుకి వచ్చినవాడు తాతాజీ. క్విజ్‌లో ఇరవైకి ఇరవై, విడుపులు సున్నా. నేనే మెచ్చుకుంటూ సంతకం పెట్టిన చిట్టా.

"పోటు వస్తుంటే చక్రం ఎటు తిప్పుతావ్ బాబూ?" అని అడుగుతోంది దీవెన.

"ఎడమకి. ఏడో ప్రశ్న," అన్నాడు ఛాతీ పొంగించి.

"ఎటేపు నిలబడితే ఎడమ?"

తాతాజీ చక్రానికి అటూ ఇటూ చూశాడు. కాలవ వైపు నిలబడ్డాడు. మళ్లీ సముద్రం వైపు వచ్చి నిలబడ్డాడు. "అది ప్రశ్నలో లేదక్కా."

"పోటుకి కూడా చెప్పు, ప్రశ్నలో లేదని. ఆగుతుందేమో చూద్దాం," అంది. వాడు నవ్వాడు. పెద్ద పోటు ఆదివారం.

తాతాజీని గ్రీజు డబ్బా తెమ్మని పంపి, ఆమెతో చెప్పాను. పలక గురించి, నా పన్నెండు గురించి, పరీక్ష గురించి. వింటూనే చక్రం పళ్ల మధ్య ఉప్పు గోకుతోంది.

"మరి ఎందుకు చెప్పలేదమ్మా? ప్రార్థన చేసుకున్నానని ఒక్క మాట అంటే..."

"తలుపేసుకుని చెయ్యమన్నారు మీరే కదయ్యగారూ. ప్రార్థన మనుషులకి చూపించుకోకూడదు, దాన్ని అడ్డం పెట్టుకుని తప్పించుకోకూడదు, అలా చేస్తే దాని ఫలం అక్కడితో సరి అన్నారు. పంపుషెడ్డులో అందరిచేతా చేతులెత్తించారు. ఆ తలుపు మీ ఎదురుగానే తియ్యమంటే ఎలాగండి?"

"నేను అడిగాను కదా తల్లీ."

"అడిగారు. మీకు తెలిసే అడుగుతున్నారనుకున్నాను." అప్పుడు గోకడం ఆపింది. "మా ఆయన్ని పంపినప్పుడు కూడా అలాగే అనుకున్నామండి. అయ్యగారికి తెలియకపోవడమేంటి, మాట మీద నిలబడతామో లేదో చూత్తున్నారు అన్నాడు ఆయన. నవ్వుతానే పడవెక్కాడు."

రూబేను నవ్వింది నాకు గుర్తుంది. సిగ్గులేనివాడని ఆ రోజు నా పుస్తకంలో రాసుకున్నాను.

వాక్యంలో ఒక తల్లి ఉంది. బిడ్డ కోసం గుడిలో మనసులోనే వేడుకుంటోంది. పెదాలు కదులుతున్నాయి, మాట వినపడటం లేదు. గుమ్మం దగ్గర కూర్చున్న యాజకుడు ఆమె తాగి వచ్చిందనుకున్నాడు. ఆ ముసలాయన్ని ఎన్నిసార్లు తిట్టానో బోధల్లో! గుడి గుమ్మంలో కూర్చుని ప్రార్థనని గుర్తుపట్టలేని గుడ్డివాడని. అయినా అతను నయం. అడిగి, విని, నోరు మూసుకుని దీవించి పంపాడు. నేను పంతొమ్మిది మందిని ఉప్పులోకి పంపాను.

"మీరు భయపడుతున్నారేటండీ?" అంది దీవెన. మొదటిసారి ఆమె గొంతులో జాలి వినపడింది.

"అవునమ్మా."

"నాక్కూడా భయంగానే ఉందయ్యగారూ. నాకోసం కాదు. వీడు సముద్రం వైపు నిలబడి ఎడమకి తిప్పుతాడు."

శనివారం, ఉదయం 7 గంటలు

చిట్టాలో 'విడిచారు' లాంటి ఒక గుర్తు అర్థం మార్చాలంటే మూడు గట్ల చిట్టా గదుల సంతకాలు కావాలి. మారితే ఆ గుర్తు మీద పంపే పడవ ఆగాలి, పంపిన వాళ్లను వెనక్కి పిలవాలి. ఇది మనం చేసుకున్న నియమమే.

మొదటి సంతకం మా గదిదే, అయింది. వనజాక్షి నిన్న మధ్యాహ్నం ఇంటికి వెళ్లి, ఇవాళ పొద్దున్నే వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "ఇంకా రెండు గదులు ఒప్పుకోకపోతే మనిద్దరం పిచ్చివాళ్లం అవుతామండి," అంది. "ఒప్పుకుంటే హంతకులం." కలం తీసి సంతకం పెట్టింది. ఆమె ఏ రోజూ ఆమేన్ అనలేదు. నేను విన్న వాటిలో అంతకన్నా నిజమైన ఆమేన్ లేదు.

నా చిట్టా మీద పలక పాడైందని రాయనివ్వలేదు. పన్నెండు విడుపులు, సంజాయిషీ: ప్రార్థన. ఈ మాట మనుషుల ముందు అనకూడదని పంపుషెడ్డులో చేతులెత్తించినవాణ్ని నేనే. ఇవాళ నా చేత్తోనే ఆ తలుపు తీశాను. నియమం మారేదాకా నాకూ అదే పడవ. రేవు జాబితాలో దీవెన పేరు కింద నా పేరు రాయించాను.

నాకు రెండు భయాలున్నాయి, రెండూ రాస్తాను. చిట్టాలు నమ్మడం మానేస్తే పంతొమ్మిదేళ్ల కిందటి లస్కర్లు మళ్లీ పుట్టుకొస్తారేమోనని ఒక భయం. ఆ రోజు మా అన్న శవం మోసిన భుజాలివి. మానెయ్యమని నేను అనను. చదవండి, కానీ అది చెప్పినంతే చదవండి. ఆ సెకన్లలో మనిషి పేజీ ముందు లేడు, అంతే. ఎక్కడికి వెళ్లాడో దానికి తెలియదు. ఆ ఖాళీని నేను నా కోపంతో నింపాను. మీరు దేనితో నింపుతున్నారో నాకు తెలియదు.

రెండో భయం దీవెన గురించి. పన్నెండింటికి ఆమె పడవ ఎక్కితే, రేపు పోటు వేళకి మూడో లాకు దగ్గర ఉండేది సున్నా విడుపుల తాతాజీ. అతని తప్పేం లేదు. మనం అడిగినదానికి అతను జవాబు చెప్పాడు.

ఉప్పు తెప్పల మీద రూబేను ఉన్నాడో లేడో తెలియదు. ఉంటే ఇంకా అయ్యగారికి తెలుసులే అనుకుంటూ ఉంటాడు.

ఒకటో గట్టు, మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు చదువరులారా, నన్ను నమ్మమని అడగడం లేదు. బోధకుణ్ని నమ్మి పంతొమ్మిది ఇళ్లు చీకటయ్యాయి. మీ కళ్లనే నమ్మండి. మీ బల్ల మీద చేతిపలక ఉంది. దాని మీద క్విజ్ తెరవండి. బోర్లా పెట్టండి. పది దాకా లెక్కపెట్టండి. తిప్పి చిట్టా చూడండి. అక్కడ 'విడిచారు' అని కనిపిస్తే, కింద సంతకం పెట్టి రేవు గదికి పంపండి. రెండు గదులు చాలు. తర్వాత మీ పాత కట్టలు దించి, 'ఏమీ చెప్పలేదు' అని ఉన్న కాగితాలు విడిగా తియ్యండి. అవి రేపటికి ఆగవచ్చు. పడవ ఆగదు.

నేను రేవుకి బయలుదేరుతున్నాను. గడియారం ఏడున్నర చూపిస్తోంది. లేవండి. పలక బోర్లా పెట్టండి. ఒకటి నుంచి మొదలుపెట్టండి, ఇప్పుడే.